పద్దుల వెనక లేఖనాలు

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఒక పపైరస్ చుట్ట తాలూకు ముక్కలున్నాయి. ఒక వైపు లాటిన్‌లో రోమ్ చరిత్ర. లివీ రాసిన మహాగ్రంథానికి ఎవరో చేసిన సంగ్రహం అది. కొన్నాళ్లకు ఆ చుట్ట ఇంకొకరి చేతికి వచ్చింది. ఆ మనిషి దాన్ని తిప్పి, ఖాళీగా ఉన్న వెనక వైపు గ్రీకులో వేరే పుస్తకం రాసుకున్నాడు. అది కొత్త నిబంధనలోని హెబ్రీయులకు రాసిన పత్రిక. (పత్రిక అనగానే మనకి మ్యాగజైన్ గుర్తొస్తుంది గానీ, తెలుగు బైబిల్లో పత్రిక అంటే జాబు.) వెనక వైపు రాత మూడో శతాబ్దం చివరిదో, నాలుగో శతాబ్దం మొదటిదో అని పండితుల అంచనా. కొత్త నిబంధన పండితులు ఆ ముక్కల్ని పీ 13 అంటారు. మరికొన్ని ముక్కలు కైరోలో ఉన్నాయి.

ఆ రాతలో ఒక చిన్న వివరం నాకు బాగా నచ్చింది. రాసినాయన వరసల పైన అంకెలు వేసుకున్నాడు. మనకి మిగిలిన చోట కనిపించే అంకెలు 47 నుంచి 50 దాకా. కానీ ఆ వరసల్లో నడుస్తున్నది హెబ్రీ పత్రిక మొదటి భాగమే. అంటే దీనికి ముందు అదే చుట్టలో ఇంకేదో రాసి ఉంది. ఇంకో పాత ప్రతిలో రోమీయులకు రాసిన పత్రిక వెంటనే హెబ్రీ పత్రిక వస్తుంది కాబట్టి, ఇక్కడా ముందున్నది అదే కావచ్చని లెక్క కట్టారు. పారేసిన చరిత్ర పుస్తకాన్ని తిరగేసి, ఒకటి కాదు, రెండు జాబులు ఓపిగ్గా రాసుకుని, ఎక్కడుందో వెతుక్కోడానికి అంకెలు కూడా వేసుకున్న మనిషి అన్నమాట.

ఇప్పుడు ముందు వైపు సంగతి. లివీ మొత్తం 142 భాగాలు రాశాడు. మనకి దక్కినవి 35. ఈ చుట్టలో 37 నుంచి 40, 48 నుంచి 55 భాగాల సంగ్రహం ఉంది. అందులో 48 నుంచి 55 దాకా ఉన్న అసలు పుస్తకాలు ఎక్కడా లేవు. రోమ్ చరిత్రకారులకి ముందు వైపు నిధి, వెనక వైపు ఏదో పత్రిక. బైబిల్ పండితులకి వెనక వైపు నిధి, ముందు వైపు ఏదో చరిత్ర. గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఇంగ్లిష్ పండితులు 1904లో ఈ ముక్కల్ని అచ్చువేసినప్పుడు ఆ రెండు వైపులకీ రెండు వేరు నంబర్లిచ్చారు. వెనక వైపుకి 657, ముందు వైపుకి 668. ఒకే ఆకు, ఒకే చేతిలో పట్టుకోదగ్గ వస్తువు, కేటలాగులో రెండు చోట్లకి వెళ్లిపోయింది. ఇది నంబర్ల గొడవేగా అనిపించొచ్చు. అలా విడదీసే అలవాటు ఎంత దూరం వెళ్తుందో తర్వాత చెప్తాను.

ముందు ఆ వస్తువు గురించి కొంచెం. పపైరస్ అంటే నైలు నది బురదల్లో పెరిగే తుంగ. మా పటమట పక్క బందరు కాలవ గట్ల మీద మొలిచే తుంగ, చాపలల్లే తుంగ, వైద్యులు వాడే తుంగముస్తె, అన్నీ ఒకే కుటుంబం. నైలు తుంగ మాత్రం మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. దాని కాడని పొడుగ్గా పల్చటి పేడుల్లా చీరి, ఒక వరస నిలువుగా, దాని మీద ఇంకో వరస అడ్డంగా పరిచి, నొక్కి ఆరబెడితే కాగితం లాంటి రేకు వస్తుంది. రేకుల్ని అంచులు కలిపి అతికిస్తే చుట్ట. ఒక చుట్టలో ఇరవైకి మించి రేకులుండవని ప్లినీ రాశాడు. ఇంగ్లిష్ 'పేపర్' పుట్టింది పపైరస్‌లోంచే. 'బైబిల్' అన్న మాట కూడా పపైరస్‌కి గ్రీకులో ఉన్న ఇంకో పేరు లోంచి వచ్చిందే. పవిత్ర గ్రంథం పేరుకి అడుగున ఉన్నది ఒక గడ్డి మొక్క.

చుట్టకి లోపలి వైపు పేడులు అడ్డంగా ఉంటాయి. కలం సాఫీగా నడిచేది అక్కడే కాబట్టి ముందు ఆ వైపే రాస్తారు. వెలుపలి వైపు పేడులు నిలువుగా ఉంటాయి, మామూలుగా ఖాళీగా వదిలేస్తారు. ఆ చుట్టతో పని తీరిపోయాక, లెక్కల గడువు దాటిపోయాక, ఆ ఖాళీ వైపు ఎవరికో పనికొస్తుంది. దీనివల్ల చరిత్రకారులకి ఒక పెద్ద సాయం జరిగింది. పుస్తకాల్లో తేదీలుండవు. అక్షరాల పోకడ చూసి ఫలానా శతాబ్దం అని ఊహించాలి, అందులో యాభై ఏళ్లు ఇటూ అటూ అవుతుంది. లెక్కల్లో, దస్తావేజుల్లో మాత్రం తరచుగా తేదీ ఉంటుంది. ముందు వైపు తేదీ దొరికితే వెనక వైపు రాత అంతకన్నా పాతది కాదని తేలిపోతుంది. గ్రంథం వయసుకి పద్దు సాక్షి.

ఇదేమీ క్రైస్తవుల ప్రత్యేకత కాదు. ఏథెన్స్ రాజ్యాంగం మీద అరిస్టాటిల్ పేరుతో ఉన్న గ్రంథం శతాబ్దాలపాటు పోయిందనే అనుకున్నారు. 1891లో కెన్యన్ దాన్ని అచ్చువేశాడు. అది దొరికింది ఎక్కడంటే, ఈజిప్టులో ఒక భూస్వామి దగ్గర పనిచేసిన దిదుమస్ అనే గుమాస్తా క్రీ.శ. 78-79లో రాసిన వ్యవసాయ జమాఖర్చుల వెనక. కూలీలకి ఎంత, ఎరువుకి ఎంత అని ఒక వైపు. ప్రజాస్వామ్యం ఎలా పుట్టిందని ఇంకో వైపు. ఆ గుమాస్తా లెక్కలు జాగ్రత్తగా రాసి దాచి ఉండకపోతే అరిస్టాటిల్ పుస్తకం మనకి లేదు.

అందుకే తొలి క్రైస్తవులు కడు పేదలు, హింసలకి భయపడి దొరికిన చిత్తుకాగితాల మీద రహస్యంగా వాక్యం రాసుకున్నారు అనే కథ నాకు నచ్చదు. వినడానికి గుండె కరుగుతుంది. కానీ అరిస్టాటిల్ పాఠకుడు ఎవరికి భయపడి రాసుకున్నట్టు? పేదరికం మాటకొస్తే, ఈజిప్టులో పపైరస్ మరీ అంత ఖరీదైన వస్తువేం కాదని స్కీట్ లాంటి పండితులు గట్టిగా వాదించారు. కొత్త చుట్ట కొనలేకే పాతది వాడారనడానికి లేదు. మా ఇంటికి కాస్త దూరంలో ఆటోనగర్. అక్కడ లక్షల్లో వ్యాపారం చేసే షాపుల్లో కూడా బేరం లెక్క స్పేర్ పార్టు అట్టపెట్టె మీదే వేస్తారు. తెల్లకాగితం కొనలేక కాదు, చేతికి అందింది అది కాబట్టి. నాకు తెలిసిన ఒక లాయర్ గారింట్లో పిల్లలంతా పాత కేసు కాగితాల వెనకే లెక్కలు చేసి ఇంజినీర్లయ్యారు.

ఈ తిరగేసిన చుట్టలు ఎక్కువగా దొరికిన ఊరు ఆక్సిరింకస్. కైరోకి దక్షిణంగా సుమారు 160 కిలోమీటర్లు, ఇప్పటి అల్ బహ్నసా. ఆ ఊరి జనం శతాబ్దాలపాటు చెత్త ఊరి బయట గుట్టలుగా పోశారు. అక్కడ వాన దాదాపు ఉండదు, నైలు వరద ఆ గుట్టల దాకా రాదు. గ్రెన్‌ఫెల్, హంట్ 1896-97లో ఒకసారి, 1903 నుంచి 1907 దాకా మళ్లీ అక్కడ తవ్వారు. పెళ్లి పిలుపులు, పన్ను రశీదులు, హోమర్, కౌలు పత్రాలు, ఇంటికి డబ్బు పంపమని రాసిన ఉత్తరాలు, సువార్తలు, అన్నీ ఒకే బుట్టలో వచ్చాయి. వాటిని అచ్చువేస్తున్న సంపుటాలు ఎనభై దాటినా ఇంకా సింహభాగం మిగిలే ఉంది.

1903లో అక్కడే దొరికిన ఒక ముక్క నన్ను మరీ ఆపేస్తుంది. ముందు వైపు భూముల సర్వే జాబితా, రెండో శతాబ్దం చివరిదో మూడో శతాబ్దం మొదటిదో. మన భాషలో చెప్పాలంటే అడంగల్ లాంటిది. వెనక వైపు 42 వరసలు, యేసు చెప్పినట్టుగా కొన్ని మాటలు. కుడి పక్క చిరిగిపోయింది కాబట్టి ప్రతి వరసా సగంలో ఆగిపోతుంది. దాదాపు యాభై ఏళ్లపాటు ఇది ఏ పుస్తకంలోదో ఎవరికీ అంతుపట్టలేదు. 1945లో ఈజిప్టులోనే నాగ్ హమ్మాది దగ్గర ఒక జాడీలో కోప్టిక్ భాషలో ఉన్న పుస్తకాలు దొరికాయి. 1950లలో వాటిని చదువుతుంటే, ఈ అడంగల్ వెనక ఉన్న వరసలు అందులోని తోమా సువార్త మొదటి భాగమేనని బయటపడింది. బైబిల్లో చోటు దక్కని సువార్త అది. మూడో శతాబ్దంలో దాన్ని రాసుకున్న మనిషికి మాత్రం అది బైబిల్ బయటి పుస్తకమని తెలిసే అవకాశం తక్కువ. ఏవి లోపల, ఏవి బయట అన్న జాబితా అప్పటికింకా గట్టిపడలేదు.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకి భూమి జాబితా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కరణం పుస్తకంలో ఒక గీత అటు పడితే ఒక కుటుంబం కథ మారిపోయేది. అలాంటి కాగితం విలువ పోయి చిత్తుకాగితం అయ్యేదాకా ఆగి, దాని వెనక, ఈ లోకం సొమ్ముని పట్టించుకోని ఒక గురువు మాటలు రాసుకోవడంలో ఎంత వ్యంగ్యం ఉందో! కానీ ఆ రాసినాయన ఆ వ్యంగ్యం ఉద్దేశించాడని నేననుకోను. ఆయన ఆఫీసులో పనిచేసేవాడై ఉండొచ్చు, ఆఫీసు చిత్తుకాగితాలు కొనుక్కున్నవాడై ఉండొచ్చు. నాకు కావలసింది ఆ మనిషి. ఏ ఒక్క వైపు చూసినా దొరకడు. రెండు వైపులూ కలిపి చూస్తే కొంచెం కనిపిస్తాడు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ రోజుల్లో గ్రీకు సాహిత్యమంతా చుట్టల్లో ఉండేది. క్రైస్తవులు మాత్రం మొదట్నుంచీ ఇప్పటి మన పుస్తకంలా మడిచి కుట్టిన కోడెక్స్ వైపు మొగ్గారు. ఎందుకు అనే దాని మీద వాదాలు తెగలేదు. కట్ట చిన్నగా ఉంటుందనీ, రెండు వైపులా రాయొచ్చనీ, ఎక్కడ కావాలంటే అక్కడ తెరవొచ్చనీ రకరకాలుగా చెప్తారు. ఏది ఏమైనా కొత్త నిబంధన తాలూకు పాత ప్రతులు దాదాపు అన్నీ కోడెక్సులే. చుట్టలుగా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్ల లెక్కలోవి ఇంచుమించు అన్నీ ఇలా వెనక వైపు రాసినవే. పీ 98 అనే ముక్కలో ప్రకటన గ్రంథం ఏదో దస్తావేజు వెనక ఉంది. పీ 13 సంగతి చెప్పాను. అంటే చుట్ట ఆకారాన్ని వాళ్లు ఎంచుకోలేదు, వాడేసిన చుట్ట దొరికింది కాబట్టి అది చుట్ట అయింది. సభలో చదవడానికి తయారుచేసిన ప్రతులు ఒక రకం, తమ కోసం తాము రాసుకున్నవి ఇంకో రకం అని లారీ హర్టాడో అన్న మాట నాకు సబబుగా తోస్తుంది.

పీ 18 అనే ముక్క మాత్రం ఈ లెక్కలో కాసేపు చిక్కు పెట్టింది. ఒక వైపు నిర్గమకాండం ఆఖరి వాక్యాలు, రెండో వైపు ప్రకటన గ్రంథం మొదటి వాక్యాలు. వంద ఏళ్లపాటు దీన్ని కూడా తిరగేసిన చుట్టగానే లెక్కేశారు. అలాగైతే ఎవరో నిర్గమకాండాన్నే చిత్తుకాగితం చేసుకున్నారా అనే ప్రశ్న వస్తుంది. దాని మీద ఎన్నో ఊహలు అల్లుకున్నాయి. 2013లో బ్రెంట్ నోంగ్‌బ్రి అనే పండితుడు ఆ ముక్క కొలతలూ, మిగిలిన అంచులూ మళ్లీ చూసి, ఇది చుట్ట కానే కాకపోవచ్చు, నిర్గమకాండం అయిపోయిన వెంటనే ప్రకటన మొదలయ్యే కోడెక్సులో ఒక పేజీ కావచ్చు అన్నాడు. అదే నిజమైతే ఇక్కడ తిరగేయడమే లేదు, పేజీ తిప్పడమే ఉంది. అతని వాదన నాకు నచ్చింది. అరచేతిలో పట్టే ముక్క మీద ఎంత పెద్ద కథ కట్టేస్తామో అది చెప్తుంది కాబట్టి.

సొంతానికి రాసుకోవడం అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో చదివి తెలీలేదు. మా అమ్మమ్మ రామకోటి రాసేది. దుకాణాల్లో రామకోటి పుస్తకాలు గళ్లు గీసి మరీ అమ్ముతారు. ఆవిడ వాటిని కొనిపించుకునేది కాదు. తాతయ్యకి ఎరువుల కంపెనీ ఏటా ఇచ్చే డైరీల్లో రాసేది. పైన తాతయ్య రాసుకున్న యూరియా బస్తాలు, మిల్లు బాకీ. కింద మిగిలిన జాగాలో, పక్క అంచుల్లో, శ్రీరామ శ్రీరామ. మేము పటమటకి మారాక పక్క వాటాలో ఉన్న ఆంటీ ఇంకో రకం. ఆవిడకి చూపు మందగిస్తోంది. పరిశుద్ధ గ్రంథంలోని కీర్తనల్ని కొడుకు డిప్లొమా నోట్సు వెనక పేజీల్లో పెద్ద పెద్ద అక్షరాలతో ఎక్కించుకునేది. ఆవిడ దగ్గర జిప్పున్న తోలు కవర్లో మంచి బైబిల్ ఉంది. అది ఆదివారానికి. నోట్సు మిగతా రోజులకి. ఇవి రెండూ దొరికిన భవిష్యత్ పండితుడు ఆవిడ పేదదని రాస్తాడు, మా అమ్మమ్మ ఎరువుల దేవుణ్ణి కొలిచిందని రాస్తాడు.

న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉన్న ఒక జాబు చూడండి. మూడో శతాబ్దంలో రోమ్‌లో ఉన్న ఒక క్రైస్తవుడు ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో ఉన్న తనవాళ్లకి రాసింది. అందులో ప్రార్థనలేం లేవు, డబ్బు సర్దుబాట్లు, వ్యాపారం. మాక్సిమస్ పేరు వస్తుంది. ఆయన 264 నుంచి 282 దాకా అలెగ్జాండ్రియా బిషప్. అందువల్లే జాబు కాలం తెలిసింది. బిషప్ గారి ద్వారా డబ్బు వ్యవహారం నడిచిందంటే ఆ వలయం ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. ఆ జాబు చాలాకాలం ఇంట్లో ఉండిపోయింది. తర్వాత ఎవరో పైన ఖాళీ అంచులో హెబ్రీ పత్రిక మొదటి వాక్యం రాశారు. వెనక్కి తిప్పి ఆదికాండం మొదటి ఐదు వాక్యాలు రాశారు. ఒక్కసారి కాదు, రెండుసార్లు. మొదటిది అందరూ వాడే గ్రీకు అనువాదం. రెండోది అక్విలా అనే యూదు పండితుడు హీబ్రూకి మాటకి మాట అంటిపెట్టుకుని చేసిన అనువాదం.

నాకు ఇది చాలా పెద్ద సంగతి. వ్యాపారపు జాబు వెనక ఎవరో రెండు అనువాదాల్ని పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుంటున్నారు. సృష్టి ఎలా మొదలైందన్న ఐదు వాక్యాల్ని ఇతను ఇలా అన్నాడు, అతను అలా అన్నాడు అని చూసుకుంటున్నారు. ఈ వెబ్ పత్రిక చదివేవాళ్లకి ఆ మనిషి పరాయివాడు కాడు. రెండు అనువాదాలు ముందేసుకుని ఒక్క పదం దగ్గర అరగంట కూర్చునే జబ్బు మనలో చాలామందికి ఉంది.

మరి మన దగ్గర? ఆ మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున ఏం రాసుకున్నారు? ఆ రోజుల్లో ఈజిప్టుకీ మనకీ మధ్య రాకపోకలు లేవని కాదు. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్ మసాలియా అనే తీరం గురించి, అక్కడ విస్తారంగా నేసే సన్నబట్ట గురించి చెప్తుంది. అది మన బందరు ప్రాంతమే. టాలెమీ చెప్పిన కొంటకోస్సుల రేవు ఘంటసాల అని పండితులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనాల్లో కూడా ఆ ఊరి పేరు కంటకసోల అని కనిపిస్తుంది. ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడు అనే మహానావికుడి పేరుంది. అమరావతి రాళ్ల మీద విధికుడు అనే చర్మకారుడి దానం ఉంది. రాజులే కాదు, మామూలు మనుషులూ ఉన్నారు. కానీ అందరూ ఒకే భంగిమలో ఉంటారు: చేతులు జోడించి, స్తూపానికి దానమిస్తూ. శివకుడి ఓడలో ఏ సరుకు ఎక్కిందో, ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చాడో, ఆ లెక్క లేదు.

అటు వైపు లెక్క ఉంది. వియన్నాలో ఉన్న ఒక పపైరస్ మీద, రెండో శతాబ్దానిది, కేరళ తీరంలోని ముజిరిస్ వ్యాపారానికి తీసుకున్న అప్పు ఒప్పందం ఒక వైపు, వెనక వైపు హెర్మపొల్లోన్ అనే ఓడలో వచ్చిన సరుకు విలువ. గంగా తీరపు జటామాంసి, ఏనుగు దంతాలు. ఇండియా సరుకు చిట్టా ఈజిప్టులో మిగిలింది, ఇండియాలో కాదు.

మనవాళ్లు రాయలేదని కాదు. తాటాకు మీద గంటంతో గీస్తారు. ఆకుకి రెండు వైపులా గీస్తారు. మిగిలే ఖాళీ వెనక వైపు అంటూ ఉండదు. గీసింది చెరిపే వీలూ ఉండదు. గాట్లలో మసి నింపి చదువుకుంటారు. పురుగు పట్టిపోతే కొత్త ఆకుల మీద తిరగరాస్తారు, పాతదాన్ని నదిలో కలుపుతారు. డెల్టా తేమలో తాటాకు మహా అయితే కొన్ని వందల ఏళ్లు. లెక్కలకి వాడిన కడితం ఇంకో దారి. బట్టకి చింతగింజల జిగురూ బొగ్గూ పట్టించి నల్లగా చేసి, మడతలు పెట్టి, బలపంతో రాస్తారు. పని అయిపోగానే తుడిచేసి మళ్లీ వాడతారు. ఒక విధంగా ఇదే అసలైన పునర్వినియోగం, కానీ చరిత్రకారుడికి గుండెకోత. తాటాకు పాతదాన్ని నీళ్లకిస్తుంది, కడితం తుడిచేస్తుంది. పపైరస్ ఒక్కటే పాతదాన్ని వీపున మోస్తూ కొత్తదానికి చోటిచ్చింది. అదీ ఎడారి చెత్తగుట్టలో పడింది కాబట్టి మిగిలింది. నైలు డెల్టా కూడా మన డెల్టా లాంటిదే. అలెగ్జాండ్రియా లాంటి మహానగరపు కాగితాలు అక్కడి తడిలో దాదాపు అన్నీ పోయాయి.

ఇక మొదట్లో వాయిదా వేసిన సంగతి. పాత పపైరస్‌ని ఈజిప్టులో ఇంకో పనికి కూడా వాడేవారు. చిత్తుకాగితాల్ని పొరలుగా అతికించి, పైన సున్నం లాంటి పూత పూసి, రంగులు వేసి, మమ్మీలకి తొడుగులు, ముఖానికి మాస్కులు చేసేవారు. మన ఏటికొప్పాక బొమ్మ కాదు, కాగితపు గుజ్జు బొమ్మ లాంటిది. ఆ పొరలు విప్పితే లోపల రాతలుంటాయి. ధర్మశాస్త్రంలో ఐదో పుస్తకమైన ద్వితీయోపదేశకాండానికి గ్రీకులో మనకి తెలిసిన అతి పాత ముక్కలు, క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దానివి, అలా ఒక మమ్మీ తొడుగులోంచే వచ్చాయి. మాంచెస్టర్‌లోని రైలాండ్స్ లైబ్రరీలో ఉన్నాయి, 1936లో అచ్చయ్యాయి. అంటే యూదుల పవిత్ర గ్రంథం కూడా ఒక దశలో చిత్తుకాగితమై శవానికి చొక్కా అయింది.

ఇది చూసి ఆశ పుట్టినవాళ్లున్నారు. 2010ల మొదట్లో అమెరికాలో కొందరు మత ప్రచారకులూ, వాళ్లకి సాయపడిన కొందరు పండితులూ మమ్మీ మాస్కులు కొని, సబ్బు నీళ్లలో నానబెట్టి కరిగించారు. సువార్త ముక్క దొరుకుతుందని. సభల్లో చేసి చూపించారు, ఫొటోలు తీయించుకున్నారు. పపైరస్ మాస్కుల తయారీ ఎక్కువగా క్రీస్తుకి ముందు శతాబ్దాల పని. రోమన్ల పాలన మొదలయ్యాక త్వరలోనే ఆగిపోయింది. సువార్తలు రాసే నాటికే ఆ మాస్కుల కాలం దాటిపోయింది. అయినా కరిగించారు. రెండువేల ఏళ్లు ఒక చనిపోయిన మనిషి ముఖం మీద ఉన్న రంగు, కళ్లు, పెదవులు నీళ్లలో కలిసిపోయాయి. తమకి కావలసిన వైపు ఒకటే అనుకుంటే రెండో వైపుని ఏం చేస్తారో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. వాళ్ల భక్తిని నేను శంకించడం లేదు. ఆ భక్తి కిందే ముఖం కరిగిపోయింది అంటున్నాను.

అదే రోజుల్లో మార్కు సువార్త తాలూకు ఒకటో శతాబ్దపు ముక్క దొరికిందని 2012లో ఒక వాదవేదిక మీద ప్రకటించారు. ఆరేళ్లు ఊరించారు. 2018లో అచ్చయ్యేసరికి అది రెండో శతాబ్దం చివరిదో మూడో శతాబ్దం మొదటిదో అని తేలింది. మాస్కులోంచి వచ్చింది కూడా కాదు, ఆక్సిరింకస్ చెత్తగుట్టలోదే. తర్వాతి ఏడాది, ఆ సేకరణని కాపాడే సొసైటీ తమ ముక్కలు కొన్ని అనుమతి లేకుండా అమెరికాలోని కొనుగోలుదార్లకి చేరాయని ప్రకటించింది. మార్కెట్లో ధర పలికేది ఒక వైపుకే. భూమి జాబితాకి ఎవరూ కోట్లివ్వరు.

చెత్త అన్న మాట దగ్గర చాలామంది క్రైస్తవ మిత్రులు ఇబ్బంది పడతారు. సువార్తని చెత్తలో పారేస్తారా అని. మనమూ అంతే. పెళ్లి శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ ఉంటే చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు. రావిచెట్టు మొదట్లో పెట్టొస్తాం, లేదా కాలవలో వదిలేస్తాం, అది ఏ లాకుల దగ్గర తేలుతుందో చూడం. ఆక్సిరింకస్‌లో మాత్రం లేఖనాలు, కొన్నిసార్లు చింపి మరీ, మామూలు చెత్తతో పాటే పోశారు. ఈ సంగతి మీద ప్రిన్స్‌టన్‌లో పనిచేసే ఆన్‌మరీ లూయిండైక్ 2010లో ఒక మంచి వ్యాసం రాసింది. పాతబడిన ప్రతి పోయినా వాక్యం పోదని వాళ్లనుకుని ఉండాలి. వాళ్లకి పవిత్రమైంది చదవడం, కాగితం కాదు.

అదే ఏడాది ఆవిడ ఇంకో పని చేసింది. పీ 10 అనే ముక్క ఇప్పుడు హార్వర్డ్‌లో ఉంది. రోమీయులకు రాసిన పత్రిక మొదటి ఏడు వాక్యాలు, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో, తప్పులతో. అక్షరాలు దిద్దుకున్న పిల్లవాడి రాత అని మొదట్నుంచీ అనుకునేవారు. గ్రెన్‌ఫెల్, హంట్ దీన్ని 316వ సంవత్సరపు ఒక ఒప్పందంతో కలిపి కట్టి ఉండగా చూశారు. వందేళ్లకి పైగా బైబిల్ పండితులు ఆ కాగితాన్ని చదివారు గానీ, దానితో కట్టి ఉన్న కట్టని పట్టించుకోలేదు. లూయిండైక్ ఆ కట్టని వెతికింది. అది లెయోనిదీస్ అనే అవిసె నార వర్తకుడి కాగితాల కట్ట. కౌళ్లు, సరుకు, సంఘం పద్దులు. ఆ వర్తకుడి ఇంట్లోనో, అతనికి తెలిసినవాళ్లింట్లోనో ఎవరో రాయడం నేర్చుకుంటూ ఆ ఏడు వాక్యాలు దిద్దారు. కింద మిగిలిన జాగాలో ఇంకెవరో గొలుసుకట్టు రాతలో, కలం ఎలా పాకుతుందో చూసుకోడానికన్నట్టు, పంట మాట తెచ్చి ఏదో గీకారు. ఆ గీతల్లో ఒక పేరుంది, ఔరేలియస్ పౌలుస్. ఆయనెవరో పంటల లావాదేవీల మనిషి. పైన వాక్యాల్లో మొదటి మాట కూడా పౌలుస్ అనే. ఆ పౌలు జాబు రాసిన అపొస్తలుడు. ఇద్దరూ ఒకే కాగితం మీద, మధ్యలో కాస్త ఖాళీ.